తీర్పు పాఠకుడిదే: ‘వాచ్‌మెన్’ గొప్పతనంపై అభిమానుల వాదన

ఇది బాపు గారి స్మృతిలో జరుగుతున్న ఉపన్యాసం. 1933లో నర్సాపురంలో పుట్టి, 2014 ఆగస్టు 31న చెన్నైలో కన్నుమూసిన సత్తిరాజు లక్ష్మీనారాయణ గారిని తెలుగువాళ్లు రెండక్షరాల పేరుతోనే గుండెల్లో పెట్టుకున్నారు. ఆయన చేతిరాత అచ్చక్షరమై మన శుభలేఖల మీదికీ పుస్తకాల అట్టల మీదికీ వచ్చింది. సినిమా తీయబోయే ముందు షాట్లను కాగితం మీద బొమ్మలుగా గీసి పెట్టుకునేవారు. ముళ్లపూడి వెంకటరమణ గారి బుడుగును తలచుకోగానే ముందు మాట గుర్తొస్తుందా, బొమ్మ గుర్తొస్తుందా అంటే ఎవరం విడదీసి చెప్పలేం. మాటా బొమ్మా కలిసి ఒకే అర్థాన్ని ఇవ్వగలవని మన కళ్లకు నేర్పిన మనిషి ఆయన. అలాంటి మనిషి పేరున జరిగే సభలో బొమ్మల కథ గురించి మాట్లాడడం ఆయనకు తగిన నివాళి అని నా నమ్మకం.

నేను ఎంచుకున్న కృతి ‘వాచ్‌మెన్’. రచన అలన్ మూర్, బొమ్మలు డేవ్ గిబ్బన్స్, రంగులు జాన్ హిగిన్స్. అమెరికాలో డీసీ కామిక్స్ సంస్థ 1986, 1987 సంవత్సరాల్లో 12 సంచికలుగా ప్రచురించింది. అది నిజంగా అంత గొప్పదా అని దాని అభిమానులు అప్పటినుంచీ వాదించుకుంటూనే ఉన్నారు. ఈ సభలో దాన్ని చదివినవారూ ఉన్నారు, పేరు మాత్రమే విన్నవారూ ఉన్నారు. విన్నవారికి ముందే ఒక మనవి: ముగింపు గురించి మాట్లాడక తప్పదు, మన్నించాలి. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఈ వాదన కాలక్షేపం కాదు, సాహిత్య విమర్శే. అయితే ఆ వాదన పేజీని పట్టుకుని సాగినంతసేపే దానికి ఆ గౌరవం దక్కుతుంది. ‘వాచ్‌మెన్’ గొప్పతనం కూడా అక్కడే, పేజీ కూర్పులోనే ఉంది. చాలామంది మెచ్చుకునే చీకటి కథలో కాదు.

1. అభిమాని విమర్శకుడైన తీరు

కామిక్స్ అభిమానుల వాదనకు ఒక చరిత్ర ఉంది. 1960ల మొదట్లో డీసీ సంపాదకుడు జూలియస్ ష్వార్ట్జ్ తన పత్రికల ఉత్తరాల శీర్షికలో పాఠకుల పేర్లతో పాటు పూర్తి చిరునామాలు కూడా అచ్చువేయడం మొదలుపెట్టాడు. చూడడానికి చిన్న మార్పు. కానీ దానివల్ల ఎక్కడెక్కడో ఒంటరిగా చదువుకుంటున్న పాఠకులకు ఒకరి సంగతి ఒకరికి తెలిసింది. సంపాదకుడికి రాసే ఉత్తరం తోటి పాఠకుడికి రాసే ఉత్తరమైంది. 1961లో జెర్రీ బెయిల్స్, రాయ్ థామస్ కలిసి ‘ఆల్టర్ ఈగో’ అనే అభిమాన పత్రికను తెచ్చారు. అదే రాయ్ థామస్ 1965లో మార్వెల్ సంస్థలో రచయితగా చేరి, 1972లో దానికి ప్రధాన సంపాదకుడయ్యాడు. అంటే కొన్నేళ్లు తిరిగేసరికి ఉత్తరం రాసిన చెయ్యే కథ రాసే చెయ్యి అయింది. మూర్, గిబ్బన్స్ ఇద్దరూ బ్రిటన్‌లో ఈ అమెరికన్ కామిక్స్ చదువుతూ అభిమానులుగా పెరిగినవారే. సూపర్‌హీరో కథల కట్టుబాట్లన్నీ వారికి కొట్టినపిండి. ఆ కట్టుబాట్ల మీద వారు పెట్టిన ప్రశ్న బయటివాడి వెక్కిరింత కాకపోవడానికి కారణం ఇదే.

‘వాచ్‌మెన్’ పుట్టుకలో కూడా ఆ అభిమానం ఉంది. చార్ల్‌టన్ అనే చిన్న సంస్థ నుంచి డీసీ 1983లో కొన్ని వీరపాత్రల హక్కులు కొనుక్కుంది. ఆ పాత్రలతో మూర్ ఒక కథ ప్రతిపాదించాడు. అందులో కొందరు చస్తారు, కొందరు మళ్లీ వాడుకోవడానికి పనికిరాకుండా పోతారు. అందుకని కొత్త పాత్రలు కల్పించుకొమ్మని సంస్థ చెప్పింది. పీస్‌మేకర్ స్థానంలో కమెడియన్, క్వశ్చన్ స్థానంలో రోర్షాక్, కెప్టెన్ ఆటమ్ స్థానంలో డాక్టర్ మాన్‌హాటన్, బ్లూ బీటిల్ స్థానంలో నైట్ ఔల్ వచ్చారు. పాత పాత్రలు తెలిసిన అభిమానికి ఈ కొత్త ముఖాల వెనక పాత ముఖాలు కనిపిస్తాయి. తెలియనివారికి కూడా కథ అర్థమవుతుంది. రెండు రకాల పాఠకులనూ ఒకే పేజీ మీద కూర్చోబెట్టడం చిన్న విద్య కాదు.

2. కథలో కూర్చున్న పాఠకుడు

కథాకాలం 1985. నిక్సన్ ఇంకా అమెరికా అధ్యక్షుడే. ముసుగు వీరులను నిషేధించే చట్టం 1977లో వచ్చింది. అమెరికా, సోవియట్ యూనియన్ అణుయుద్ధం అంచున ఉన్నాయి. కమెడియన్ అనే మాజీ వీరుణ్ణి ఎవరో చాలా ఎత్తున ఉన్న కిటికీలోంచి కిందికి తోసి చంపేశారు. ఎవరు చంపారో తేల్చడానికి రోర్షాక్ బయలుదేరుతాడు. చివరికి హంతకుడు తోటి వీరుడు ఓజిమాండియాస్ అని తేలుతుంది. అతడు న్యూయార్క్ నడిబొడ్డున ఒక కల్పిత గ్రహాంతర జీవిని దింపి, సగం నగరాన్ని చంపేసి, ఆ భయంతో రెండు అగ్రరాజ్యాల మధ్య శాంతిని తెస్తాడు. బతికి ఉన్న వీరులు ఆ రహస్యాన్ని దాచడానికి ఒప్పుకుంటారు. ఒక్క రోర్షాక్ ఒప్పుకోడు. డాక్టర్ మాన్‌హాటన్ చేతిలో చనిపోతాడు. కానీ అతడి డైరీ అప్పటికే ఒక చిన్న పత్రిక కార్యాలయానికి చేరిపోయింది. ఆఖరి పేజీలో ఒక కుర్ర ఉద్యోగి చెయ్యి ఆ కాగితాల కట్ట వైపు చాస్తుండగా కథ ఆగిపోతుంది. నిజం బయటపడుతుందా లేదా అన్నది ఆ కుర్రవాడి చేతిలో ఉంది; అంటే మన చేతిలో ఉంది.

ఈ కథలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచే పాత్రలు ఇద్దరు ముసుగులేని మామూలు మనుషులు. ఒకరు వీధి మలుపులో పత్రికలు అమ్మే ముసలాయన. ప్రపంచంలో జరిగే ప్రతిదాని మీదా ఆయనకు ఒక అభిప్రాయం ఉంటుంది, వచ్చేపోయే వాళ్లకు చెబుతూనే ఉంటాడు. ఇంకొకరు ఆయన పక్కన నేల మీద చతికిలబడి, ఓడదొంగల కామిక్ చదువుకునే కుర్రవాడు. వాడు ఆయన మాట సరిగా వినడు. సంచికల తరబడి వాళ్లిద్దరూ ఇలాగే ఉంటారు: ఒకడు తీర్పులు చెప్పేవాడు, ఒకడు చదివేవాడు. ఇద్దరి పేరూ ఒక్కటేనని 11వ సంచికలో తెలుస్తుంది. ఆ వెంటనే వెలుగు విరుచుకుపడుతుంది. ముసలాయన కుర్రవాణ్ణి కావలించుకుంటాడు. ఇద్దరూ ఆ తెలుపులో కరిగిపోతారు. మూర్, గిబ్బన్స్ ఈ కృతిలో పాఠకుణ్ణీ వ్యాఖ్యాతనూ కథలోపలే కూర్చోబెట్టారని దీన్నిబట్టి తెలుస్తుంది. అభిమానుల వాదన ఈ కృతికి బయటినుంచి వచ్చి అంటుకున్నది కాదు.

3. పేజీ చెప్పే సాక్ష్యం

ఇక అసలు విషయానికి వద్దాం. ‘వాచ్‌మెన్’ను మెచ్చుకునేవారిలో ఎక్కువమంది చెప్పే మాట, అది సూపర్‌హీరోలను పెద్దవాళ్ల కథగా మార్చిందని, వీరుల మనసులోని రోగాలను బయటపెట్టిందని. ఆ మాటలో నిజం లేకపోలేదు. కానీ అదే దాని గొప్పతనమైతే, తర్వాత వచ్చిన వందల చీకటి కథలూ అంతే గొప్పవి కావాలి. అవి కాలేదు. కాబట్టి తేడా ఇంకెక్కడో ఉండాలి. ఆ తేడా ఎక్కడుందో చూడడానికి మొదటి సంచిక మొదటి పేజీ ఒక్కటి చాలు. కాలువ అంచున, నెత్తుటిలో పడివున్న పసుపుపచ్చని నవ్వుముఖం బిళ్ల. చూపు మెల్లగా పైకి లేస్తుంది. ఒక మనిషి పైపుతో నెత్తురు కడుగుతుంటాడు. ఎర్రజుట్టు మనిషి ఒకడు ప్రపంచం అంతమవుతోందని రాసిన అట్ట మోసుకుంటూ ఆ నెత్తుటి మీదుగానే నడిచి వెళ్తాడు, వెనక ఎర్రటి అడుగులు పడతాయి. చూపు ఇంకా పైకి పోయి విరిగిన కిటికీ దాకా చేరుతుంది. పైన పెట్టెల్లో రోర్షాక్ డైరీ మాటలు నడుస్తుంటాయి. ఆ డైరీ రాసినవాడే బొమ్మలో అట్ట మోస్తున్నవాడని మనకు 5వ సంచిక చివరిదాకా తెలియదు. తెలిశాక వెనక్కి తిప్పి చూస్తే, మాట రాసినవాడూ బొమ్మలోని మనిషీ మొదటి పేజీనుంచే ఒకే చోట ఉన్నారు. కళ్ల ముందున్నదాన్ని మనమే గుర్తుపట్టలేదు. ఇది నవల చేయలేని పని.

గిబ్బన్స్ పేజీని అడ్డానికి మూడు, నిలువుకు మూడు, మొత్తం తొమ్మిది గడులుగా విడగొట్టాడు. పుస్తకం దాదాపు అంతటా ఆ చట్రమే ఆధారం; అవసరమైనప్పుడు గడులను కలుపుతాడు, మళ్లీ విడదీస్తాడు. పేజీ అంతా గడియారంలా టక్‌టక్‌మని నడుస్తుంది. 4వ సంచికలో ఈ చట్రం ఎందుకో అర్థమవుతుంది. డాక్టర్ మాన్‌హాటన్‌కు భూత, భవిష్యత్, వర్తమానాలు వేర్వేరు కావు. అన్నీ ఒకేసారి జరుగుతుంటాయి. అంగారకుడి ఎర్ర ఇసుకలో నిలబడి అతడు ఒక పాత ఫోటో పట్టుకుని ఉంటాడు. 1959లో ఒక వినోద ఉద్యానంలో ఆ ఫోటో తీయించుకున్నాడు. కాసేపట్లో దాన్ని ఇసుకలో పడేస్తాడు; పడి ఉన్న ఫోటోను మనం ముందే చూస్తాం. 1945లో గడియారాలు బాగుచేసే తండ్రి, హిరోషిమా వార్త విని, కొడుకు ముందున్న గడియారపు చక్రాలను కిటికీలోంచి పారేస్తాడు. ఇవన్నీ పక్కపక్క గడుల్లో ఉంటాయి. మిత్రులారా, ఒక్కసారి గమనించండి: కామిక్ పేజీ తెరవగానే తొమ్మిది క్షణాలూ మన కంటికి ఒకేసారి కనిపిస్తాయి. ఏది ముందో ఏది వెనకో అనేది మనం చదివే వరుసను బట్టి వస్తుంది. మాన్‌హాటన్ కాలాన్ని చూసే తీరు, పాఠకుడు పేజీని చూసే తీరు ఒక్కటే. ఒక వింత శక్తిని వర్ణించకుండా, చదువరికే ఆ శక్తిని కాసేపు అప్పగించింది ఈ కూర్పు.

ఇంకొక్క ఉదాహరణ చాలు. 5వ సంచిక మొదటి పేజీ కూర్పూ చివరి పేజీ కూర్పూ అద్దంలో ప్రతిబింబాల్లా సరిపోతాయి. రెండో పేజీకి చివరినుంచి రెండో పేజీ. నడిమధ్యన రెండు పేజీలు పరిస్తే ఓజిమాండియాస్ మీద హత్యాయత్నం. ఎడమా కుడీ ఒకదానికొకటి సమాధానం చెప్పే ఈ సంచిక, రోర్షాక్ ముసుగు మీది సిరామరకల సౌష్టవాన్ని తన పేజీలన్నిటికీ పరిచింది. ఆ దాడిని ఏర్పాటు చేసుకున్నది ఓజిమాండియాసే అని తెలిశాక, ఆ నడిమి అద్దం కూడా ఒక అబద్ధమే అని తేలుతుంది. రూపమే ఇక్కడ కథ చెబుతోంది.

4. రోర్షాక్ అభిమానులు

ఈ కృతి మీద వాదనల్లో ఎక్కువ వేడిగా సాగేది రోర్షాక్ గురించే. ప్రపంచం నాశనమైనా సరే రాజీపడని మనిషి అని అతణ్ణి ఆరాధించేవారు ఎందరో. స్టీవ్ డిట్కో సృష్టించిన క్వశ్చన్, మిస్టర్ ఏ పాత్రల వెనక అయిన్ రాండ్ తత్వం ఉంది: లోకంలో తెలుపూ నలుపే ఉంటాయి, బూడిద రంగు లేదు. ఆ తత్వాన్ని చివరిదాకా లాగితే మనిషి ఏమవుతాడో చూపడానికే రోర్షాక్‌ను సృష్టించానని, అతణ్ణి ఆదర్శంగా తీసుకోవడం తనకు ఆశ్చర్యం కలిగించిందని మూర్ పలుమార్లు చెప్పాడు. మరి పాఠకులు అతణ్ణి ప్రేమిస్తే తప్పు ఎవరిది? రచన విఫలమైందని ఒక పక్షం అంటుంది. పాఠకులు సరిగా చదవలేదని ఇంకో పక్షం అంటుంది.

రెండు మాటలూ తొందరపాటే అని నా అభిప్రాయం. మనకు తెలిసిన ఉదాహరణ ఉంది. ‘కన్యాశుల్కం’ ప్రేక్షకులు గిరీశాన్ని ఎంత ప్రేమించారో చెప్పనక్కర్లేదు. గిరీశం మంచివాడని ఆ ప్రేమకు అర్థం కాదు. గురజాడ ఓడిపోయాడనీ అర్థం కాదు. పాత్రకు ప్రాణం పోసినవాడు ఆ పాత్ర మీద పెత్తనం కొంత వదులుకుంటాడు. రోర్షాక్ చివరి ఘట్టం చూడండి. మంచులో, ముసుగు తీసేసి, కళ్ల నీళ్లతో, తనను చంపెయ్యమని అరిచే మనిషి. ఆ బొమ్మలో గర్వం లేదు, దుఃఖం ఉంది. అతడి సిద్ధాంతాన్ని తిరస్కరిస్తూనే అతడి కన్నీటిని మనం గౌరవించేలా గిబ్బన్స్ ఆ ముఖాన్ని గీశాడు. ఆ పేజీని పట్టుకుని వాదిస్తే ఆరాధకుడికీ విమర్శకుడికీ ఇద్దరికీ పని ఉంటుంది. ముసుగును మాత్రమే పట్టుకుని వాదిస్తే అది జెండా అయిపోతుంది. 2019లో హెచ్‌బీఓ కోసం డేమన్ లిండెలాఫ్ తీసిన ధారావాహికలో తెల్లజాతి దురహంకారులు రోర్షాక్ ముసుగులు తొడుక్కుని తిరగడం ఈ ప్రమాదాన్ని నేరుగా చూపించింది. అభిమానుల వాదనకు ఒక కొత్త కృతి ఇచ్చిన జవాబు అది.

5. ముగింపు మీద పేచీ

రెండో పేచీ ముగింపు గురించి. న్యూయార్క్ మధ్యలో అష్టపాదం లాంటి వింత జీవి పడడం హాస్యాస్పదమని, అంత బరువైన కథకు అది తగదని చాలామంది అంటారు. సంపాదకుడు లెన్ వైన్ కూడా అభ్యంతరం చెప్పాడు. అది ‘ది ఔటర్ లిమిట్స్’ అనే టెలివిజన్ ధారావాహికలోని ఒక కథను పోలి ఉందని ఆయన ఆక్షేపణ. 2009లో జాక్ స్నైడర్ సినిమా తీసినప్పుడు ఆ జీవిని తీసేసి, నిందను డాక్టర్ మాన్‌హాటన్ మీద వేశారు. తర్కం బిగువుగా ఉందని ఆ మార్పును మెచ్చుకున్న అభిమానులు తక్కువేమీ కాదు. వారి వాదన నేను తేలిగ్గా తీసుకోను: మాన్‌హాటన్ ముందే కథలో ఉన్నాడు, లోకం అతణ్ణి చూసి భయపడుతోంది, కాబట్టి కొత్తదాన్ని తేవలసిన పని లేదు.

కానీ పుస్తకం ఆ జీవిని ఎక్కడినుంచి తెచ్చిందో చూడాలి. దాన్ని తయారుచేసింది ఒక దీవిలో దాచిపెట్టిన చిత్రకారులు, రచయితలు. వారిలో ఒకడు ఆ పత్రికల దుకాణం దగ్గర కుర్రవాడు చదివే ఓడదొంగల కామిక్ రాసినవాడే. నిజమైన సూపర్‌హీరోలున్న లోకంలో జనం సూపర్‌హీరో కామిక్స్ చదవరు, ఓడదొంగల కథలు చదువుతారు. అలాంటి కథ రాసిన మనిషి ఊహే చివరికి నగరాన్ని చంపే ఆయుధమైంది. అంటే లోకాన్ని మోసగించింది ఒక కల్పన, కలిసి పనిచేసిన కళాకారుల పనితనం. కథలు మనుషులను కాపాడగలవని, మోసం కూడా చేయగలవని చెప్పే కృతిలో ఆ వింత జీవిని తీసేస్తే ఆ వాదన మొత్తం పోతుంది. 12వ సంచిక తెరవగానే అంతవరకూ నడిచిన గడుల చట్రం తెగి, పేజీకి ఒక్క బొమ్మ చొప్పున శవాల వీధులు వరుసగా వస్తాయి. గడియారం ఆగిపోయింది. అది చూశాక ఆ జీవి నవ్వు తెప్పిస్తుందంటే నేను ఒప్పుకోలేను.

6. నిలబడే అభ్యంతరాలు

మెచ్చుకోవడం మాత్రమే విమర్శ కాదు కనుక, నిలబడే అభ్యంతరాలను కూడా చెప్పాలి. మొదటిది స్త్రీ పాత్రలది. 1940లో కమెడియన్ తోటి వీరురాలు శాలీ జూపిటర్ మీద అత్యాచారానికి ప్రయత్నిస్తాడు. తర్వాత ఆమె అతడికి దగ్గరవుతుంది. కూతురు లారీ అతడి బిడ్డే. చివర శాలీ అతడి ఫోటోను ముద్దుపెట్టుకుంటుంది. మనసులోని మెలికలను దాచకుండా చూపారని కొందరు సమర్థిస్తారు. ఆ సమర్థనలో కొంత న్యాయం ఉంది. కానీ లారీ విషయంలో నాకు ఆ సమర్థన చాలదు. ఆమె పుట్టుక ఎంత అసంభవమైన సంగతో తెలిశాక డాక్టర్ మాన్‌హాటన్‌కు మనుషుల మీద మళ్లీ గౌరవం పుడుతుంది. ఆమె జీవితంలోని అతి పెద్ద నిజం మగవాడి మనసు మార్చే సాక్ష్యంగా ఖర్చయిపోయింది. ఇది నిజమైన లోపం. అభిమానుల్లో ముఖ్యంగా స్త్రీలు దీన్ని ఎత్తిచూపడం కృతికి అన్యాయం చేయడం కాదు, దాన్ని గంభీరంగా తీసుకోవడం.

రెండో అభ్యంతరం, ఇదంతా యంత్రంలా చల్లగా ఉందని. ఆ చల్లదనం కొంతవరకు నిజమే. ఆ ముసలాయన, కుర్రవాడి కౌగిలి లేకపోతే నేనూ ఆ మాటే అనేవాణ్ణి. మూడోది, ప్రచ్ఛన్న యుద్ధం అయిపోయింది గనుక కథ పాతబడిందని. ఒక పెద్ద అబద్ధంతో కొన్న శాంతి నిలుస్తుందా అనే ప్రశ్నకు మాత్రం ఆ యుద్ధంతో కాలం చెల్లలేదు. నాలుగోది, ఈ పుస్తకం తర్వాతి కామిక్స్‌ను పాడుచేసిందని. తర్వాత వచ్చినవారు చీకటినీ హింసనూ తీసుకుని, కూర్పులోని శ్రమను వదిలేశారన్నది వాస్తవం. ఆ అనుకరణల పట్ల మూర్ కూడా తన అసంతృప్తి చెప్పాడు. అనుకరించినవాడి దారిద్ర్యం మూలకృతి ఖాతాలో పడదు.

7. తీర్పు

‘వాచ్‌మెన్’కు 1988లో హ్యూగో పురస్కారం వచ్చింది, 2005లో ‘టైమ్’ పత్రిక 1923 తర్వాతి వంద ఉత్తమ ఆంగ్ల నవలల జాబితాలో దాన్ని చేర్చింది. ఈ గౌరవాలను వాదనకు ముగింపుగా వాడుకునేవారున్నారు. నా ఉద్దేశంలో, నవలల జాబితాలో చోటు దొరకడమే దాని గొప్పతనమనుకుంటే, బొమ్మను మనం మళ్లీ మాటకు పనివాణ్ణి చేసినట్టే. నా తీర్పు ఇది: స్త్రీ పాత్రల విషయంలో గట్టి లోపం ఉన్నా ‘వాచ్‌మెన్’ గొప్ప కృతి, గిబ్బన్స్ గీసిన తొమ్మిది గడులూ, సాదా ఎరుపు నీలాలను పక్కన పెట్టి హిగిన్స్ వేసిన ఊదా, ఆకుపచ్చ, నారింజ రంగులూ లేకుండా మూర్ కథ ఒక్కటే ఆ మాటకు అర్హం కాదు. ఈ తీర్పుతో మీరు ఏకీభవించనక్కర్లేదు.

అయితే ఒక విన్నపం. మన పత్రికల్లో, మన విశ్వవిద్యాలయాల్లో కథ మీద వాదించినంతగా బొమ్మ మీద వాదించడం లేదు. 1947 జులైలో మొదలైన ‘చందమామ’ నుంచి మనకు బొమ్మతో చదువుకున్న తరాలున్నాయి. ఆ బొమ్మల పేజీలను గడిగడిగా చదివే విమర్శ మాత్రం చాలినంత పెరగలేదు. ఇక్కడున్న యువ పరిశోధకులు ఆ పని చేపట్టాలి. అభిమాని మాటను చిన్నచూపు చూడకండి. మీరూ అభిమానులు కావడానికి వెనుకాడకండి. ఎవరితో వాదించినా పుస్తకం తెరిచి, ఫలానా పేజీ, ఫలానా గడి అని వేలుపెట్టి చూపించి వాదించండి.